షవర్ గోడకి విట్రిఫైడా, గ్రానైటా, పీవీసీ షీటా? ముందు ఆ చెమ్మ ఎక్కడిదో తేల్చండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నిజాంపేటలో పద్నాలుగేళ్ల ఫ్లాట్. ఐదు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న బాత్రూమ్. షవర్ ఉన్న గోడకి అవతల బెడ్‌రూమ్‌లో అడుగున్నర ఎత్తు దాకా పెయింట్ పొంగి పెచ్చులూడుతోంది. ఇంట్లో ఆవిడకి మార్బుల్ డిజైన్ ఉన్న టూ బై ఫోర్ (రెండడుగులు, నాలుగడుగుల) గ్లాసీ విట్రిఫైడ్ టైల్స్ నచ్చాయి. మీ నాన్నగారు గ్రానైట్ వేయించమంటున్నారు. షాపతను పీవీసీ షీట్లయితే రెండు రోజుల్లో పనైపోతుందంటున్నాడు. కాంట్రాక్టరేమో పాత టైల్స్ పగలగొట్టడం దండగ, వాటి మీదే అంటించేద్దాం అంటున్నాడు. బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్లు.

ఇరవై రెండేళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. అందులో సగం పైగా ఇలాంటి పాత బాత్రూమ్‌లే. మీ నలుగురు సలహాదారుల్లో కాంట్రాక్టర్ మాట మాత్రం వినకండి. మిగతా ముగ్గురి మాటల సంగతి తర్వాత చూద్దాం, ఎందుకంటే మీ గోడకి ఇప్పుడు కావాల్సింది కొత్త టైల్ కాదు.

బెడ్‌రూమ్ వైపు చెమ్మ వచ్చిందంటే నీళ్లు గోడలోకి దిగుతున్నట్టే. అది పైపులోంచా, టైల్స్ సందుల్లోంచా అన్నది పగలగొట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. రెండో బాత్రూమ్ ఉందన్నారు కదా, పది పదిహేను రోజులు ఇంటిల్లిపాదీ అందులోనే స్నానం చేయండి. చెమ్మ ఉన్న బాత్రూమ్‌లో చుక్క నీరు పడకూడదు, కానీ పైపుకి వచ్చే నీళ్లు మాత్రం ఆపకండి. పైన ట్యాంకు ఉంది కాబట్టి పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. అన్ని రోజులు వాడకపోయినా చెమ్మ అలాగే ఉంటే, లేదా ఇంకా పాకితే, అనుమానం పైపు మీదకి పోవాలి. గోడ కొంచెం కొంచెంగా ఆరుతుంటే సందుల్లోంచో, నేలా గోడా కలిసే మూలలోంచో దిగుతున్నట్టు. కింది ఫ్లాట్ వాళ్లని కూడా ఒక మాట అడగండి. వాళ్ల బాత్రూమ్ సీలింగ్ మీద కూడా మరకలుంటే నేల కూడా విప్పక తప్పదు. అప్పుడు ఖర్చు లెక్కే మారిపోతుంది, ఆ ముక్క పని మొదలుపెట్టకముందే తెలియడం మంచిది.

పాత టైల్స్ మీద కొత్త టైల్స్ వేయడం తప్పేమీ కాదు. నేనూ చేయించాను. గోడ పొడిగా ఉండాలి, ప్రతి టైల్ మీదా తాపీ పిడితో కొడితే గట్టి శబ్దం రావాలి, డొల్ల శబ్దం రాకూడదు. అలాంటప్పుడు నిక్షేపంగా వేసుకోవచ్చు. మీ ఇంట్లో అది కుదరదు. తడి గోడ మీద ఇంకో పొర వేస్తే లోపలి నీళ్లు ఇటు ఆరడానికి దారి లేక మొత్తం బెడ్‌రూమ్ వైపే తోసుకొస్తాయి. పైగా కొత్త టైల్, అడ్హెసివ్ (టైల్ అంటించే జిగురు) కలిపితే ఒక్కో గోడకి 12 నుంచి 14 మిల్లీమీటర్ల మందం పెరుగుతుంది. రెండు వైపులా కలిపి అంగుళం. ఐదడుగుల బాత్రూమ్‌లో అంగుళం పెద్దగా తెలియకపోవచ్చు గానీ, గోడలో దాచిన డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే బిగింపు) మాత్రం అర అంగుళం లోపలికి పోతుంది, పైన ప్లేటు సరిగ్గా కూర్చోదు. అప్పుడు ప్లంబర్ వచ్చి ఎక్స్‌టెన్షన్ ముక్కలు వెతుకుతాడు.

కాబట్టి ఇటుక కనబడేదాకా చిప్పింగ్ చేయించండి. గోడ తెరిచాక ముందు పైపులు చూడండి. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులైతే, అవి ఇవాళ కారకపోయినా సరే, మొత్తం తీసేసి సీపీవీసీ (వేడి నీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించండి. గోడ మళ్లీ తెరిచే అవకాశం ఇంకో పదిహేనేళ్ల దాకా రాదు. కొత్త పైపులు వేశాక చివర్లు బిగించి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి, ఒక రాత్రంతా ఉంచి, మీటర్ ముల్లు దిగలేదని మీ కళ్లతో చూశాకే ప్లాస్టరింగ్‌కి ఒప్పుకోండి. మేస్త్రి "ఏం కాదు సార్, నేను చూసుకుంటా" అంటాడు. అననివ్వండి.

ప్లాస్టరింగ్ ఆరాక వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్. ఒక డబ్బాలో ద్రవం, ఒక సంచిలో సిమెంటు పొడి, రెండూ కలిపి బ్రష్‌తో పూసే రకం మన గోడలకి బాగా పనిచేస్తుంది. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండో కోటు నిలువుగా. షవర్ గోడకి ఏడడుగుల దాకా, అంటే కోటింగ్ షవర్ తల కంటే పైకి రావాలి. మిగతా గోడలకి కూడా మూడడుగులు తక్కువ కాకుండా పూయించండి. మనం షవర్ పెట్టుకున్నా బకెట్, మగ్గు మానం కదా, నీళ్లు నాలుగు వైపులా చిమ్ముతాయి. నేలా గోడా కలిసే మూలల్లో, పైపులు బయటికి వచ్చే చోట, ఫైబర్ మెష్ పట్టీ పెట్టి దాని మీద కోటింగ్ వేయాలి. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం గోడ మధ్యలో కాదు, ఈ మూలల్లోనూ కుళాయి చుట్టూనే. కోటింగ్ ఆరాక నేల జాలీ మూసేసి రెండంగుళాల నీళ్లు నింపి రెండు రోజులు ఉంచండి. కింది ఫ్లాట్ వాళ్లకి ముందే చెప్పి, వాళ్ల సీలింగ్ చూడండి.

ఒక పక్క మాట. ఇది చదివేవాళ్లలో కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లు ఉంటే, మీ గోడలు ఇటుకవి కాకపోవచ్చు. అల్యూమినియం ఫ్రేములు పెట్టి పోసిన కాంక్రీట్ గోడలు, మివాన్ అంటారు. వాటిలో కమ్మీ ఉంటుంది, బిల్డింగ్ బరువు మోసేవి కూడా అవే. పైపు కోసం ఇష్టమొచ్చినట్టు గాడి కొట్టించకండి, ముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి. అక్కడ పాత టైల్ మీద కొత్త టైల్ అన్న ఆలోచనే చాలాసార్లు మంచిది.

ఇప్పుడు మీరడిగిన అసలు ప్రశ్న. టైల్ అయినా గ్రానైట్ అయినా నీళ్లని ఆపేది వెనక పూసిన కోటింగే, ముందు కనిపించేది దానికి తొడుగు. ఆ తొడుగు ఎంచుకునేటప్పుడు నేను షోరూమ్ కంటే ముందు ఇంట్లో కుళాయి చూస్తాను. తాగే నీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో కాఠిన్యం (నీటిలో కరిగిన సున్నం లాంటి ఖనిజాలు) లీటరుకి 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీరు లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చు అని ఉంది. మీ వైపు చాలా బోర్లు ఆ 600 కూడా దాటతాయంటే నేను ఆశ్చర్యపోను. మీ పాత షవర్ తల రంధ్రాలు చూడండి, తెల్లగా గట్టిపడి మూసుకుపోయి ఉంటాయి. అదే తెలుపు రేపు కొత్త గోడ మీద కూడా కూర్చుంటుంది. మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో నేరుగా వచ్చే ఇంట్లో నల్లటి గ్లాసీ గోడ ఏళ్ల తరబడి మెరుస్తుంది. అదే గోడ బోరు నీళ్ల ఇంట్లో ఆరు నెలల్లో చుక్కల చీర కట్టినట్టు అవుతుంది. అందుకే బోరు నీళ్లున్నవాళ్లకి నా సలహా ఎప్పుడూ ఒకటే. నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ రంగులు షవర్ గోడకి వద్దు. తెలుపు, లేత బూడిద, గంధం రంగు, కొంచెం గీతలూ మచ్చలూ ఉన్న డిజైన్ అయితే తెల్ల మరక దానిలో కలిసిపోతుంది. మీ ఆవిడ ఎంచుకున్న మార్బుల్ డిజైన్ తెల్లటిదే అయితే ఆవిడ ఎంపిక సరైనదే.

గ్లాసీయా, మెరుపు లేని మ్యాటా అన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. గ్లాసీ మీద మరక త్వరగా కనబడుతుంది, అంతే త్వరగా తుడిస్తే పోతుంది. మ్యాట్ మీద ఆలస్యంగా కనబడుతుంది, కానీ ఒకసారి పట్టిందంటే పనమ్మాయి బ్రష్ పట్టుకుని కూర్చోవాలి. చేత్తో తడిమితే పంచదార చల్లినట్టు గరుకుగా ఉండే రకాలు, గీతలు చెక్కినట్టుండే కార్వింగ్ రకాలు షోరూమ్ లైట్ల కింద చాలా బాగుంటాయి. వాష్ బేసిన్ వెనక గోడకి వేసుకోండి, షవర్ కింద మాత్రం వద్దు. గోడకి గ్లాసీ ఓకే, నేలకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గ్లాసీ వేయకండి. నాన్నగారు ఉన్న ఇల్లు అది.

టైల్స్‌లో రెండు జాతులు. గోడల కోసమే చేసే సెరామిక్ టైల్ నీళ్లు పీలుస్తుంది, దాని బరువులో పది శాతానికి పైగా. విట్రిఫైడ్ టైల్ అర శాతం కూడా పీల్చదు. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి ఏదైనా చెప్తాడు, మీరు టైల్ తిరగేసి వెనక వైపు ఒక నీటి చుక్క వేయండి. సెరామిక్ అయితే చూస్తుండగానే ఇంకిపోతుంది. విట్రిఫైడ్ అయితే చుక్క చుక్కలాగే నిలబడుతుంది. మన దగ్గర దొరికే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి, కాబట్టి పెట్టె మీద పేరు కంటే ఈ చుక్క పరీక్షే నాకు నమ్మకం.

అలాగని సెరామిక్ చెడ్డదనుకోకండి. పైన గ్లేజ్ (గాజు లాంటి పూత) ఉంటుంది, ముందు నుంచి నీళ్లు పోవు. తేలిక, తక్కువ ధర, కోయడం తేలిక, ఏ మేస్త్రికైనా చేతనవుతుంది. రాత్రి నీళ్లలో నానేసి పొద్దున సిమెంటు ముద్దతో అంటించినా పట్టుకుంటుంది, ఎందుకంటే అది సిమెంటు పాలని పీల్చుకుంటుంది. మన పాత మేస్త్రులంతా ఆ పద్ధతిలో పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్లే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, టైల్ మారింది కానీ పద్ధతి మారలేదు. విట్రిఫైడ్ ఏదీ పీల్చుకోదు కాబట్టి సిమెంటు దాన్ని కరుచుకోదు. మొదటి ఏడాది బాగానే ఉంటుంది. రెండో ఏడాది కొడితే డొల్ల. ఒక అర్ధరాత్రి టైల్ ఊడి కింద పడ్డ శబ్దానికి ఇంట్లోవాళ్లు దొంగలనుకుని లేచిన ఇల్లు నాకు తెలుసు.

విట్రిఫైడ్‌కి టైల్ అడ్హెసివే వాడాలి. బస్తా మీద ఐఎస్ 15477 అని, పక్కన టైప్ నంబరు ఉంటుంది, ఒకటి నుంచి ఐదు దాకా. టూ బై ఫోర్ గోడకి నేను టైప్ 3కి తక్కువ వాడను. ఒక్కో టైల్ 9 మిల్లీమీటర్ల మందంతో దాదాపు 15 కిలోలు ఉంటుంది, అది మనుషుల తల పైన వేలాడాల్సిన బరువు. ఇంకో సంగతి చాలామంది మేస్త్రులు పట్టించుకోరు. విట్రిఫైడ్ టైల్ వెనక తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది, కొలిమిలో టైల్ రోలర్లకి అతుక్కోకుండా పూసింది. దాన్ని తడి గుడ్డతో తుడవకుండా అంటిస్తే అడ్హెసివ్ పట్టుకునేది ఆ పొడిని, టైల్‌ని కాదు. తుడవడానికి టైల్‌కి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కోసం పక్కన ఒక మనిషిని పెట్టండి, లేదా మీరే కూర్చోండి.

అంటించేటప్పుడు నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి గోడకి నొక్కేస్తారు. గోడ వంకర ఉంటే సర్దుకోవడానికి అది వాళ్లకి సులువు. వద్దనండి. ముద్దల మధ్య ఖాళీల్లో నీళ్లు చేరి నిలుస్తాయి. రేపు టవల్ రాడ్ కోసం డ్రిల్లు పెడితే సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే టైల్ పగులుతుంది. గోడ వంకర ప్లాస్టరింగ్‌లోనే తూకం గుండు వేసి సరిచేయాలి. తర్వాత పళ్లున్న తాపీతో గోడ మీద అడ్హెసివ్ దువ్వాలి, టైల్ వెనక కూడా పల్చగా పూయాలి. మొదటి టైల్ నొక్కాక వెంటనే లాగి చూడమనండి. వెనకంతా అంటిందా, సగమే అంటిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఇది చేయనంటే ఆ మేస్త్రితో టూ బై ఫోర్ పెట్టుకోకండి, అతనికి బాగా వచ్చిన చిన్న సెరామిక్ టైల్స్ వేయించుకోండి. పెద్ద టైల్ చెడ్డ పనితనం కంటే చిన్న టైల్ మంచి పనితనం పదేళ్లు ఎక్కువ బతుకుతుంది. నాకు మేస్త్రి దొరక్క సెరామిక్ వేయించిన ఇళ్లున్నాయి, అవి ఇప్పటికీ చక్కగా ఉన్నాయి.

నాన్నగారి గ్రానైట్ సంగతి. ఆయన అనుభవంతో చెప్పిన మాటే అది. రాయిగా చూస్తే గ్రానైట్‌కి వంక పెట్టలేం. మనకి చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్‌లో టాన్ బ్రౌన్ పక్కింట్లో దొరికినట్టు దొరుకుతాయి. బాత్రూమ్ యాసిడ్ పడినా సామాన్యంగా లొంగదు. కానీ గోడకి ఎక్కించడం దగ్గర వస్తుంది కష్టం. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి దాదాపు నాలుగున్నర కిలోలు. టూ బై ఫోర్ అంత ముక్క 36 కిలోలు, అదే సైజు విట్రిఫైడ్‌కి రెండింతల పైన. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మీద, తల ఎత్తులో, అంత బరువు ముక్కలు అంటించడం అందరు మేస్త్రుల వల్లా కాదు. అదీ కాక మనకి చవగ్గా దొరికేవి చాలావరకు ముదురు రంగు రాళ్లు. నల్ల గెలాక్సీ మీద బోరు నీళ్లు ఎలా ఉంటాయో పైన చెప్పాను. ఆయన మాట కాదనకుండా గ్రానైట్‌ని దాని చోట పెట్టండి. బాత్రూమ్ గుమ్మం కింద పట్టీకి, షవర్ భాగాన్ని వేరుచేసే రెండంగుళాల గట్టుకి, సబ్బులు పెట్టుకునే గూటి అడుగుకి ఒకే ముక్క గ్రానైట్ వేయించండి. నీళ్లు నిలిచే చోట, దెబ్బ తగిలే చోట జాయింట్ లేని రాయికి సాటి లేదు. గూటి అడుగుకి ముందుకి కొంచెం వాటం పెట్టించడం మర్చిపోకండి, లేకపోతే సబ్బు నీళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. నాన్నగారికి ఒక కుర్చీ దిమ్మె కూడా కట్టించి పైన గ్రానైట్ పరిస్తే ఆయనే అందరికీ చూపించుకుంటారు.

అసలు మార్బుల్ వైపు ఎవరైనా లాగితే మాత్రం గట్టిగా కాదనండి. ఆ తప్పు నేనే చేశాను, అదీ మా ఇంట్లో. తెల్ల మార్బుల్ షవర్ గోడకి వేయించుకుని వీధిలో అందరికీ చూపించాను. మార్బుల్ అంటే సున్నపు జాతి రాయి, యాసిడ్ పడిందా పొంగి కరిగిపోతుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఒక పండగ ముందు శుభ్రంగా ఉండాలని బాత్రూమ్ యాసిడ్ సీసా గోడ మీద చల్లింది. ఆవిడ తప్పేం లేదు, టైల్స్ ఇళ్లల్లో అందరూ చేసేదే చేసింది. మధ్యాహ్నానికి గోడ మీద ధారలు కారిన చోటల్లా మెరుపు పోయి సుద్దలా అయింది. పాలిష్ చేయించాను, వచ్చింది, మళ్లీ పోయింది. మన తాండూరు బండ, కడప బండ, బేతంచెర్ల రాయి కూడా ఆ సున్నపు జాతివే. చల్లగా, అందంగా ఉంటాయి, వరండాకి వేయించుకోండి. యాసిడ్ సీసా తిరిగే గదిలో మాత్రం వద్దు. మీ ఆవిడకి కావాల్సిన మార్బుల్ అందం ఇప్పుడు విట్రిఫైడ్ టైల్ మీద అచ్చుగా వస్తోంది, దాంతో తృప్తి పడొచ్చు.

పీవీసీ షీటు. ఎనిమిది బై నాలుగు అడుగుల సన్నటి షీటు, పైన మార్బుల్ బొమ్మ, మెరుపు పూత. సిలికాన్‌తో గోడకి అంటిస్తారు. అద్దెకి ఇచ్చే ఇంట్లో, గోడ పొడిగా ఉండి పాత టైల్స్ వికారంగా ఉంటే, రెండు మూడేళ్లకి పనికొస్తుంది. మీ తడి గోడకి అంటిస్తే ముందు అందంగా ఉంటుంది, వెనక బూజు పెరుగుతుంది. ముక్కిన వాసన వచ్చేదాకా మీకు తెలియదు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా ఇదే వాదించాడు, "పెదనాన్నా, ఇక్కడ అందరూ అక్రిలిక్ ప్యానెల్సే వేస్తున్నారు" అని. అక్కడి గోడలు చెక్క ఫ్రేము మీద బోర్డు కొట్టినవి. తాపీ పని కూలి కూడా అక్కడ మన లెక్కలో చాలా ఎక్కువ. స్నానాల తొట్టి చుట్టూ జాయింట్ లేని ప్యానెల్ నిలబెట్టడం వాళ్లకి లెక్కకి సరిపోతుంది. అక్కడ కూడా టైల్ వేసేవాళ్లు మామూలు జిప్సమ్ బోర్డు మీద వేయరు, సిమెంటు బోర్డు పెట్టి దానికి వాటర్‌ప్రూఫింగ్ చేస్తారు. గోడ వేరైతే పద్ధతీ వేరే.

మైక్రోసిమెంట్ గురించి కూడా అడిగారు. రెండు మూడు మిల్లీమీటర్ల పూత, అసలు జాయింట్లే ఉండవు, ఫొటోల్లో అద్భుతం. బాగా చేసే చెయ్యి దొరకడం కష్టం, పూత మీది సీలర్‌ని అప్పుడప్పుడు మళ్లీ వేయించాలి, యాసిడ్ పడకూడదు. మీ ఇంటికి వద్దు. గ్లాస్ మొజాయిక్ కూడా అంతే, బాగుంటుంది కానీ గోడంతా జాయింట్లే. ఒక చిన్న గూడు లోపల వేసుకుని సరదా తీర్చుకోండి.

జాయింట్ల మాట వచ్చింది కాబట్టి, డబ్బు ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించకండి. టైల్స్‌ని ఒకదానికొకటి ఆనించి, సందులో తెల్ల సిమెంటు రుద్దే అలవాటు ఇంకా పోలేదు. రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టి సందు వదలాలి, షవర్ గోడకీ నేలకీ ఎపాక్సీ గ్రౌట్ (సందులు పూడ్చే రెసిన్ ముద్ద) నింపాలి. తెల్ల సిమెంటు నీళ్లు పీల్చి నల్లబడుతుంది, యాసిడ్ తగిలిన ప్రతిసారీ కొంత కరిగి పోతుంది. మీ పాత గోడ సందుల్లో అగ్గిపుల్ల గుచ్చి చూడండి, చాలా చోట్ల లోపలికి పోతుంది. ఎపాక్సీ మూడు భాగాలు కలిపి చేసేది, ధర ఎక్కువ, త్వరగా గట్టిపడుతుంది. ఒకేసారి అంతా కలిపేస్తే సగం డబ్బాలోనే రాయవుతుంది, అందుకని కొంచెం కొంచెంగా కలపమనండి. టైల్ మీద పడింది అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడవాలి, మర్నాటికి పొగ మంచులాంటి పొర మిగిలి ఎంత రుద్దినా పోదు. గోడా గోడా కలిసే మూలల్లోనూ, గోడా నేలా కలిసే చోటా గ్రౌట్ కాకుండా సిలికాన్ పెట్టించండి. అక్కడ రెండు వైపులా కొద్దిగా కదులుతాయి, గట్టి గ్రౌట్ వెంట్రుక మందాన చీలుతుంది. మీ గోడకి చెమ్మ ఆ వెంట్రుక సందులోంచే వచ్చి ఉంటే నాకేం వింత కాదు.

ఇక మీ బాత్రూమ్ కొలతలు. టూ బై ఫోర్ అంటారు గానీ అది నిజానికి 600 బై 1200 మిల్లీమీటర్లు, రెండడుగులకి కొంచెం తక్కువ. నిలువుగా రెండు టైల్స్ పెడితే ఏడడుగుల పదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఆ ఎత్తుకే కట్టించండి, పైన ముక్కలు పెట్టే పని తప్పుతుంది. ఐదడుగుల గోడకి రెండు పూర్తి టైల్స్, ఒక కోసిన ముక్క. ఎనిమిదడుగుల గోడ 2438 మిల్లీమీటర్లు, నాలుగు టైల్స్ 2400. మిగిలే 38 మిల్లీమీటర్లకి మూలలో రెండు వేళ్లంత పట్టీ పెట్టాల్సొస్తుంది, ఏ డిజైన్ అయినా దానితో చెడిపోతుంది. అయితే పక్క గోడల టైల్, అడ్హెసివ్ మందం రెండు వైపులా కలిపి పాతిక మిల్లీమీటర్ల పైన తినేస్తుంది, సందులు ఇంకో ఆరు తింటాయి. ఐదడుగుల గోడలకి ముందు టైల్స్ వేసి, ఆ తర్వాత ఎనిమిదడుగుల గోడలకి వేస్తే ఆ పట్టీ దాదాపు మాయమవుతుంది. ప్లాస్టరింగ్ మందం దగ్గరే మేస్త్రికి ఈ లెక్క చెప్పండి.

నాలుగు గోడలకీ కలిపి మొత్తం పద్నాలుగు నిలువు వరసలు, వరసకి రెండు, ఇరవై ఎనిమిది టైల్స్. పెట్టెకి రెండు వస్తాయి కాబట్టి 14 పెట్టెలు. తలుపు దగ్గర మిగిలేది కోతల్లో విరిగేవాటికి సరిపోతుంది, అయినా ఒక పెట్టె ఎక్కువ తీసుకోండి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉన్నాయో లేదో ఆటోలోకి ఎక్కించకముందే చూసుకోండి. ఇంకో మాట, మీ లిఫ్టులో ఇవి నిలువుగా పడతాయో లేదో కొలవండి. 800 బై 1600 సైజు తీసుకుందామని ఆశపడ్డవాళ్లు మెట్ల మలుపులో తిప్పలేక కిందే వదిలేయడం చూశాను.

షోరూమ్‌లో కింద ముదురు రంగు, పైన లేత రంగు, మధ్యలో పువ్వుల హైలైటర్ వరస అని సెట్టు చూపిస్తారు. అది చిన్న సెరామిక్ సైజుల్లో వచ్చే పద్ధతి, మీ ఐదడుగుల గదిని ఇంకా ఇరుకు చేస్తుంది. నాలుగు గోడలకీ ఒకే లేత రంగు చాలు. నేలకి వన్ బై వన్ మ్యాట్ యాంటీస్కిడ్ టైల్స్ తీసుకోండి. పెద్ద టైల్‌తో జాలీ వైపు వాటం సరిగ్గా రాదు, చిన్న టైల్‌తో అడుగుకి పావు అంగుళం వాటం తేలిగ్గా వస్తుంది. బయటి అంచుల దగ్గర, గూడు చుట్టూ 45 డిగ్రీల కోత పెట్టించే బదులు స్టీల్ పట్టీ పెట్టించండి. ఆ కోత అంచు బకెట్ తగిలితే చిట్లిపోతుంది.

శుభ్రం చేయడానికి యాసిడ్ సీసా ఈసారి ఇంట్లోకి రానివ్వకండి. స్నానం అయ్యాక చిన్న రబ్బరు వైపర్‌తో గోడ మీది నీళ్లు కిందికి లాగేస్తే మరకలు చాలావరకు పట్టవు. అప్పటికీ పట్టిన తెలుపుకి నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి రుద్ది, కాసేపుంచి కడిగేయండి.

గోడ తెరిచి కొత్త పైపులు వేశాక, ప్లాస్టరింగ్‌కి ముందు, కొలత టేపు గోడకి ఆనించి పెట్టి నాలుగు గోడలకీ ఫొటోలు తీసి ఉంచుకోండి. రేపు గీజర్ కోసం డ్రిల్లు పెట్టే అబ్బాయికి అవే కావాలి. ఇటుక బయటపడ్డాక మీ షవర్ గోడ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, తడి ఎక్కడ మొదలైందో చూసి చెప్తాను.